మైసమ్మ ఘాటెక్కిన తీరు

రుక్కమ్మ ఆ మాట అన్నది పెరట్లో గిన్నెలు తోముతూ, తల కూడా ఎత్తకుండా. తల ఎత్తి అరిచిన మాటలకు ఆ ఇంట్లో పెద్ద విలువ లేదు, అవి రోజూ ఉండేవే. తల వంచుకుని, చేతిలో పీచు ఆపకుండా, మెల్లగా అన్నదంటే మాత్రం ఇక ఆ మాటకు తిరుగు లేదని మొగులప్పకు ఇన్నేళ్ళ కాపురంలో బాగా తెలిసివచ్చింది.

"నీ మైసమ్మ మన బిడ్డను, మనుమరాలిని ఎక్కించుకొని వికారాబాద్ దాక దానంతట అది పోయిందనుకో, ఉండనియ్యి. నేనేమన. మల్ల గా ఘాట్ల నిలబడి, ఎవడన్న తాడు కట్టి గుంజిండనుకో, తెల్లారి తుక్కే. గ్యాస్ కటింగోన్ని నేనే పిలిపిస్త."

"తాడు తగిలితే తుక్కు అంటవ్," అని గొణిగాడు మొగులప్ప.

"తొట్టెల మీద చెయ్యి పెట్టి చెప్పు."

తొట్టెలలో మనుమరాలు పిడికిలి నోట్లో పెట్టుకుని ఎటో చూస్తోంది. మొగులప్ప తొట్టెల కర్ర మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు. పెట్టాక చెయ్యి వెనక్కి తీసుకోవడానికి భయమేసి కాసేపు అలాగే నిలబడ్డాడు.

మైసమ్మ అంటే దేవత కాదు, లారీ. ఇప్పటి లారీల్లాగా మూతి నరికేసినట్టు ఉండదు. ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, ఆ ముక్కుకు రెండు పక్కలా రెప్పలు లేని గుండ్రటి కళ్ళు, నొసటి మీద ఎర్రరంగుతో పేరు. మొగులప్ప పడుచుదనంలో తాండూరు గనుల నుంచి నాపరాళ్ళు మోసిందంతా దాని మీదే. అది ఇంటికి వచ్చిన నాడు రుక్కమ్మ కొత్త కోడలు. "సవతిని తెచ్చినవా?" అన్నది. ఆ మాట ఇప్పటిదాకా వెనక్కి తీసుకోలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ముందు సీట్లో కూర్చోలేదు. ఎంత దూరమైనా బస్సులోనే పోయేది.

మరి ఇంత వైరం ఉన్న మనిషి నిరుడే దాన్ని తుక్కుకు పంపాల్సింది. పంపకపోవడం ఆమె మంచితనం. నిరుడు కూతురు అంజలి పెళ్ళికి పెళ్ళివారందరినీ మైసమ్మలోనే తీసుకుపోతానని మొగులప్ప మంకుపట్టు పట్టాడు. అనంతగిరి ఘాటు సగం ఎక్కేసరికి రేడియేటర్ మూత ఎగిరిపోయింది, ఇంజన్ పట్టేసింది, ఆవిరికి పెళ్ళికూతురి జడపూలు వాడిపోయాయి. అప్పుడు పెళ్ళికొడుకు తండ్రి వెంకటేశం వికారాబాద్ నుంచి తన ట్రాక్టర్ తెచ్చి, తాడు కట్టి, పెళ్ళికూతురితో సహా లారీని ఊళ్ళోకి ఈడ్చుకుపోయాడు. బ్యాండువాళ్ళు ట్రాక్టర్ ముందు వాయించారు.

ఆనాటి నుంచి వెంకటేశానికి మొగులప్ప ఆవిరి బావ అయిపోయాడు. వారానికోసారి ఫోన్ వచ్చేది. "ఏం బావా, నీళ్ళు మరిగినయా? చాయ్‌పత్తి నేను తెస్త." మొగులప్ప ఫోన్ పెట్టేసి గోడకేసి చూస్తూ కూర్చునేవాడు.

ఇప్పుడు అంజలి పురుడు పోసుకుని, పిల్లను ఎత్తుకుని అత్తగారింటికి పోయే రోజు దగ్గరపడింది. తొట్టెల, పరుపు, ఇత్తడి బిందె, గిన్నెలు, చీరలు, ఎండుకొబ్బరి కుడుకలు, కంది బస్తా, లడ్డూల గంపలు, ఇదంతా తల్లిగారు పంపాలి. పొద్దు గుంకకముందే పిల్లను ఆ ఇంటి గడప దాటించాలి. డీసీఎం వ్యాన్ మాట్లాడదామని రుక్కమ్మ అంటే, మైసమ్మ ఉండగా కిరాయి బండి ఎందుకని మొగులప్ప అన్నాడు. అక్కడ పడింది ఒట్టు.

పట్టేసిన ఇంజన్ బదులు కొత్త ఇంజన్ కావాలి. కొత్తదంటే కొత్తది కాదనుకోండి. తాండూరులో రాళ్ళు పాలిష్ చేసే షెడ్లలో ఒకప్పుడు జనరేటర్లు రాత్రింబగళ్ళు మొత్తుకునేవి. కరెంటు సక్కగా వస్తున్నప్పటి నుంచి అవి మూలన పడ్డాయి. అలాంటి మూలలో, రాతిపొడి కింద, ఒక మంచి డీజిల్ ఇంజన్ మొగులప్ప కంట పడింది. దాన్ని మైసమ్మ గేరుబాక్సుకు ఎలా అతికించారన్నది వేరే కథ. అందులోకి దిగితే మనం ఇక వికారాబాద్ చేరం.

ఇంజన్ కూర్చుంది. మిగిలింది రేడియేటర్, ఫ్యాన్. దానికి కరీముద్దీన్ వచ్చాడు. తాండూరులో రేడియేటర్ కారిందంటే ఎవరైనా కరీముద్దీన్ దగ్గరికే పోవాలి. అతను మొగులప్ప ఈడువాడే, చిన్ననాటి నుంచి స్నేహం, నోరు మాత్రం ఊరుకోదు.

పాత రేడియేటర్ ఊడదీసి, లోపలి మట్టి కడిగి, కారే చోటల్లా టాకాలు వేశాడు. పెట్టి చూస్తే కుదరలేదు. కొత్త ఇంజన్ పొట్టిది. ఫ్యాన్ వచ్చి రేడియేటర్ కింది సగానికి ఎదురుగా నిలిచింది.

"అరె మొగులన్నా, ఇది దాని మొహానికి గాదు, కడుపుకు ఇసురుతుంది."

"రేడియేటర్‌ను జర కిందికి దించు."

"దించితే రోడ్డు తగుల్తది. రోడ్డును గూడ దించుమంటవా?"

ఇద్దరూ ఒక పూటంతా తిట్టుకుని, చివరికి ఇంజన్ కిందే రబ్బరు దిమ్మెలు పెట్టి పైకి లేపారు. ఫ్యాన్ మధ్యకు వచ్చింది. మైసమ్మ పాత ఫ్యాన్ పెడదామంటే దాని బోల్టు రంధ్రాలు ఈ ఇంజన్‌కు కలవలేదు. "ఇంజన్‌తోని వచ్చిన ఫ్యాన్ ఇంజన్‌కే ఉండనియ్యి. అది దాని పుట్టింటి సొమ్ము," అన్నాడు కరీముద్దీన్. ఆ మాట మొగులప్పకు బాగా నచ్చింది. గాలి చెదరకుండా నూనె డబ్బా రేకు కత్తిరించి ఫ్యాన్ చుట్టూ గుండ్రంగా తొడుగు కూడా చేశారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

తర్వాత పరీక్ష. పొద్దున ఇంజన్ స్టార్టు చేసి, వాకిట్లో నిలబెట్టి, మధ్యాహ్నం దాకా ఆపలేదు. కరీముద్దీన్ మాటిమాటికీ రేడియేటర్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. స్నానానికి తోడిన నీళ్ళంత వెచ్చన, అంతే.

"మస్తుంది అన్నా! ఇంక ఫికర్ లేదు. దీని మీద చెయ్యి పెట్టుకొని నిద్రపోవచ్చు."

"నిలబడి ఉన్నప్పుడు అందరూ మంచోల్లే," అన్నది రుక్కమ్మ వడియాలు ఎండబెడుతూ.

ఆ మాట ఎవరూ చెవిన వేసుకోలేదు. ఇది తాండూరు మనుషులకే జరిగే పొరపాటు. రాళ్ళ షెడ్ల మధ్య పుట్టి పెరిగినవాళ్ళకు ఇంజన్ అంటే నిలబడి తిరిగేది. పూటంతా నిలబడి తిరిగి వేడెక్కలేదంటే ఇక దానికి లోకంలో ఏ రోగమూ లేనట్టే. బండిని నాలుగు వీధులు తిప్పి చూడాలన్న ఆలోచన ఇద్దరిలో ఒక్కడికీ రాలేదు. వచ్చి ఉంటే మాత్రం నేనిప్పుడు ఈ కథ ఎందుకు చెబుతాను?

బయల్దేరే రోజు మైసమ్మను కడిగి, బొట్లు పెట్టి, ముక్కుకు బంతిపూల దండ వేశారు. సామానంతా ఎక్కించారు. వెనక డాలా తలుపు పక్కన పరుపు పరిచి, అంజలి పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంజన్ నడుస్తోంది. రుక్కమ్మ పళ్ళెంలో కర్పూరం వెలిగించి లారీ ముందుకు వచ్చింది. ఎంత సవతి అయినా పసిపిల్ల ఎక్కింది కదా, దిష్టి తీయాలి. హారతి ఎత్తిందో లేదో ఆరిపోయింది. మళ్ళీ వెలిగించింది. మళ్ళీ ఆరింది.

రుక్కమ్మ మొహం పాలిపోయింది. "ఏమయ్యో, హారతి నిలుస్త లేదు. నాకు భయమైతుంది."

"గాలే అది, గాలికి ఆరింది."

"ఏడుంది గాలి? చెట్టు మీద ఆకు గూడ కదుల్త లేదు!"

"వదినమ్మా, పరేషాన్ గాకు," అని కరీముద్దీన్ లోపలికి వంగి ఇంజన్ ఆపాడు. "ఇప్పుడు ముట్టియ్యి."

కర్పూరం నిలువుగా, చక్కగా మండింది. రుక్కమ్మ హారతి తిప్పి, కళ్ళకద్దుకుని, అయినా గొణుగుతూనే వెనక ఎక్కి కూతురి పక్కన కూర్చుంది. కరీముద్దీన్ ముందు సీట్లో ఎక్కాడు. మొగులప్ప ఇంజన్ మళ్ళీ స్టార్టు చేశాడు. బంతిపూల దండ ముక్కు మీద నుంచి ఎగిరెగిరి ముందుకు ఊగుతోంది. దాన్ని కూడా ఎవరూ పట్టించుకోలేదు.

ఊరు దాటాక రోడ్డు బాగుంది. మొగులప్ప హుషారుగా టాప్ గేరు వేశాడు. మైసమ్మ పరుగు చూసి కడుపు నిండిపోయింది. కాసేపటికి వేడి మీటరు ముల్లు మీద కన్ను పడింది. ముల్లు లేచి నిలబడి ఉంది.

"కరీం భాయ్, గిదేంది?"

"మీటరు పాతది, అబద్ధం చెప్తుండొచ్చు."

అంతలో బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి లేచి మీటరు నిజాయితీని చాటింది. ధారూర్ దగ్గర ఆపారు. ఇంజన్ ఆపకుండా నిలబెడితే, ఆశ్చర్యం, చాయ్ తాగి వచ్చేసరికి చల్లబడింది. మళ్ళీ కదిలారు. మళ్ళీ ముల్లు లేచింది. కేరెల్లి దగ్గర ఆపారు. నిలబడగానే మళ్ళీ చల్లబడింది. బోరింగు దగ్గర బిందె నింపి, తగ్గిన నీళ్ళు పోశారు.

"ఇదేం రోగం?" అన్నాడు మొగులప్ప. "ఉరికితే జ్వరం, పండుకుంటే తక్కువ. మా బామ్మర్ది గిట్లనే ఉంటడు."

"మా తమ్మునేమన్న అంటే మంచిగుండది," అన్న మాట వెనక నుంచి వచ్చింది.

ఘాటు మొదలైంది. ఒక మలుపు తిరిగారు, రెండో మలుపు దాకా రాలేదు, మైసమ్మ బుసకొట్టి నిలబడిపోయింది. నిరుడు నిలబడ్డ చోటుకు ఇంకా చాలా కిందే. మొగులప్ప దిగి టైర్ల వెనక రాళ్ళు పెట్టాడు. కోతులు గోడ మీద వరుసగా కూర్చుని చూస్తున్నాయి. అప్పుడే ఫోన్ మోగింది.

"ఏం బావా, ఎక్కడిదాక వచ్చిన్రు?" వెంకటేశం గొంతులో పండగ వినిపిస్తోంది. "నేను గుట్ట మీదనే ఉన్న. ఊకె ఉండలేక ట్రాక్టర్ తెచ్చుకున్న. తాడు గూడ కొత్తదే. దిగి రమ్మంటవా?"

"అవసరం లేదు," అని మొగులప్ప ఫోన్ ఆపాడు. తుక్కు దుకాణంలో మైసమ్మ ముక్కు ఒక పక్క, నొసలు ఒక పక్క పడి ఉండటం కళ్ళకు కట్టింది. నిజం చెప్పాలంటే అతనికి ఏడుపొచ్చింది. ఏడుద్దామన్నా రుక్కమ్మ చూస్తోంది.

ఇంజన్ నడుస్తూనే ఉంది. మొగులప్ప లారీ ముక్కు ముందు గొంతుకు కూర్చుని బీడీ తీసి అగ్గిపుల్ల గీశాడు. ఆరింది. ఇంకోటి గీశాడు. అదీ ఆరింది. చేతులు అడ్డం పెట్టి గీసినా ఆరింది. "అగ్గిపెట్టె గూడ నా మీద పగపట్టింది," అని విసుక్కుంటూ పక్కకు జరిగి గీశాడు. భగ్గున అంటుకుంది.

రుక్కమ్మ వెనక నుంచి దిగి వచ్చి ఇదంతా చూస్తోంది. నడుం మీద చెయ్యి వేసుకుని దగ్గరికి వచ్చింది. లారీ ముక్కు ముందు నిలబడి, అరచెయ్యి చాపింది. చాపిన చెయ్యి అలాగే ఉంచి మొగుడి వైపు తిరిగింది.

"పొద్దుగాల నా హారతి గూడ గిట్లనే ఆరింది గద. ఇది లోపలికి పీల్చుకుంట లేదు. నా మొహం మీద ఊదుతుంది."

కరీముద్దీన్ చేతిలోని నీళ్ళ మగ్గు కింద పడింది. వచ్చి తన చెయ్యి కూడా పెట్టి చూశాడు. తర్వాత ఆ చెయ్యితోనే నొసలు కొట్టుకున్నాడు.

"యా అల్లా! జనరేటర్ ఫ్యాన్ గదా ఇది! షెడ్డుల వేడి గాలిని బయటికి నూకుతది. బండి ఫ్యాన్ బయటి గాలిని లోపలికి గుంజాలె. మనం ఉరికితే ముందట్నుంచి గాలి లోపలికొస్తది, ఇది ఎనకనుంచి బయటికి నూకుతది. రెండు గాలులు కొట్లాడుకుంటే రేడియేటర్ నడుమ ఉడికిపోయింది."

"మీరిద్దరు కొట్లాడుకుంటే నేను నడుమ ఉడికినట్టు," అన్నది అంజలి పైనుంచి.

"ఫ్యాన్ ఇప్పి తిప్పి పెడ్దాం," అన్నాడు మొగులప్ప ఆశగా.

"తిప్పి పెట్టినా అటే ఊదుతది అన్నా, రెక్కల వంపే గంత. ఏరే ఫ్యాన్ గావాలె. తీసేద్దామంటే ఘాట్ల గాలి చాలది. బెల్టు తీస్తే నీళ్ళ పంపు గూడ బందైతది." కరీముద్దీన్ రోడ్డు మీద కూలబడ్డాడు. "ముప్పై ఏండ్ల పేరు పాయె."

పొద్దు వాలుతోంది. కొద్దికొద్దిగా ఎక్కి, నిలబడి, చల్లబరుచుకుంటూ పోతే చీకటి పడుతుంది, పిల్ల గడప దాటదు. కొండ మీద ట్రాక్టర్ కాచుకుని ఉంది. మొగులప్ప బీడీ పారేశాడు. లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు. ముక్కు దగ్గర నిలబడి వెనక్కి చూశాడు, తోక దగ్గర నిలబడి ముందుకు చూశాడు.

"కరీం భాయ్, ముందుకు పోతే గాలి ఫ్యాన్‌కు ఎదురొస్తది."

"అవ్."

"మరి ఎనకకు పోతే?"

రుక్కమ్మే ముందు అర్థం చేసుకుంది. "ఏమయ్యా, నీకేమన్న పిచ్చా? గా ఘాటంత ఎనకకా?"

"రివర్స్ గేరుకున్న బలం ఏ గేరుకు లేదు. ఇంజన్ గట్టిగ తిరుగుతది, ఫ్యాన్ గట్టిగ ఊదుతది, గాలి గూడ అదే దిక్కుకు పోతది. చల్లగ ఉంటది."

"నీకు ఎనక కనబడ్తదా? పరుపు అడ్డం, తొట్టెల అడ్డం."

"నాకు కనబడది." ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనని మాట అనాల్సివచ్చింది. "నువ్వు చూడు. నువ్వు ఎట్ల జెప్తే గట్ల తిప్పుత."

రుక్కమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, లారీ ఎక్కి, వెనక డాలా దగ్గర నిలబడి, సామానులోంచి ఇత్తడి బిందె, గంటె లాగింది. "ఒక్క దెబ్బ కొడితే ఆగాలె. రెండు కొడితే రావాలె. గుట్ట దిక్కు అంటే గుట్ట దిక్కు, లోయ దిక్కు అంటే లోయ దిక్కు. కుడి ఎడమలు నాకు చెప్పకు, నీకు కుడైతే నాకు ఎడమైతది."

కింద మలుపు వెడల్పుగా ఉన్న చోట లారీని నిదానంగా తిప్పి తోకను కొండ పైకి పెట్టారు. కరీముద్దీన్ ఎర్ర తువ్వాల పట్టుకుని బండి పక్కనే నడిచాడు. బిందె మీద రెండు దెబ్బలు పడ్డాయి. మైసమ్మ మూలిగి, వెనక్కి, కొండెక్కడం మొదలుపెట్టింది.

"గుట్ట దిక్కు! ఇంక జర! సాలు, సాలు! అరే సాలంటే ఇనబడ్తలేదా?" ఠంగుమని ఒక్క దెబ్బ. మొగులప్ప బ్రేకు తొక్కాడు. "బస్సొస్తుంది, పోనియ్యి." బస్సు పోయింది. బస్సులోని జనమంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారు. ఠంగ్ ఠంగ్. మొగులప్ప ఎన్నడూ లేనంత బుద్ధిగా చెప్పినట్టు తిప్పాడు. కళ్ళు మాత్రం మీటరు మీద ఉన్నాయి. ముల్లు పడుకునే ఉంది.

పై నుంచి దిగుతున్న కన్నడ లారీ ఒకటి పక్కకు ఆగింది. డ్రైవర్ తల బయటపెట్టాడు. "యాక్రీ యజమాన్రే, ఉల్టా హొంటీరి?"

వెనక్కెందుకు పోతున్నావంటే ఏం చెప్పాలి? ఫ్యాన్ కథంతా చెప్పే ఓపిక మొగులప్పకు లేదు. "హర్కి ఐతి," అన్నాడు, మొక్కు ఉందని. డ్రైవర్ దిగి, ముందుకు వచ్చి, లారీ నొసటి మీద మైసమ్మ పేరు చూసి, చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించాడు.

నిరుడు నిలబడ్డ మలుపు వచ్చింది. మొగులప్ప స్టీరింగ్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు. రుక్కమ్మ కూడా ఆ చోటు గుర్తుపట్టినట్టుంది, రెండు దెబ్బలు మరీ గట్టిగా కొట్టింది. మైసమ్మ ఆగకుండా మలుపు దాటింది. "దాటిందే అమ్మా!" అని అంజలి అరిచింది. పిల్ల ఆ చప్పుడుకు ఏడవలేదు సరికదా, బిందె వంకే కళ్ళార్పకుండా చూస్తోంది.

కొండ మీద వెంకటేశం ట్రాక్టర్ సీట్లో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. భుజాన తాడు. ముక్కు లారీ కోసం చూస్తున్నవాడికి మలుపులోంచి ముందు ఒక ఇత్తడి బిందె, దాని వెనక రుక్కమ్మ, ఆ వెనక తొట్టెల రావడం కనిపించింది. నోరు తెరిచినవాడు మూయడం మరిచిపోయాడు.

"జరుగన్నా, జరుగు! బండొస్తుంది!" అని రుక్కమ్మ గంటె ఊపింది. అతను గబగబా ట్రాక్టర్ పక్కకు తీశాడు. మైసమ్మ అతని ముందు నుంచే పోయింది.

కొండ దాటాక బండిని తిప్పుకుందామని మొగులప్ప కేకేశాడు. "తిప్పకు! మంచిగొస్తుంది, గిట్లనే రానియ్యి," అన్నది రుక్కమ్మ. ఆ గొంతులో అతను ఇదివరకు వినని హుషారేదో ఉంది. సరే అన్నాడు.

వెంకటేశం ట్రాక్టర్ వేసుకుని వెంటపడ్డాడు. దాటిపోదామంటే రోడ్డుకు సగం మైసమ్మే ఉంది. ఇక వికారాబాద్ దాకా ఆ ఇద్దరు వియ్యంకులూ ఎదురెదురుగా, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ప్రయాణం చేశారు. మొగులప్ప మొదట మీసం సవరించాడు. వెంకటేశం మొహం తిప్పుకున్నాడు. రోడ్డు చూడాలి కాబట్టి మళ్ళీ తిప్పాడు. మొగులప్ప నవ్వాడు. వెంకటేశానికి ఒళ్ళు మండిపోయింది కానీ, ట్రాక్టర్ మీద కూర్చుని ఏం చేస్తాడు?

పొద్దు ఇంకా గుంకలేదు. వెంకటేశం ఇంటి ముందు చుట్టాలందరూ నిలబడి ఉన్నారు. లారీ తోక వైపు నుంచి వచ్చి వాకిలి ముందు ఆగింది. దాని ముక్కుకు ముక్కు ఆనించినట్టు ట్రాక్టర్ ఆగింది. వెంకటేశం కిందికి దూకి, భుజాన ఉన్న తాడు అందరికీ కనిపించేలా చేత్తో ఎత్తాడు.

"చూసిన్రా? మా ఆవిరి బావ బండిని నా ట్రాక్టర్ నూక్కుంటొచ్చింది! గుంజితేంది, నూకితేంది, అంత ఒకటే!"

చుట్టాలు గొల్లుమన్నారు. చూసినవాళ్ళకు నిజంగా అలాగే కనిపిస్తుంది మరి. వెనక్కి వచ్చిన లారీ, దానికి మూతి ఆనించిన ట్రాక్టర్, చేతిలో తాడు. జనరేటర్ ఫ్యాన్ సంగతి చెబితే ఎవడు నమ్ముతాడు? కరీముద్దీన్ మొగులప్ప మనిషి, అతని సాక్ష్యం చెల్లదు. చెల్లే సాక్ష్యం ఒక్కటే ఉంది. ఆ సాక్ష్యం నోరు మూసుకుంటే చాలు, రేపు పొద్దున్నే గ్యాస్ కటింగ్ మనిషి వస్తాడు, ఇన్నేళ్ళ సవతి పోరు తీరుతుంది. మొగులప్ప భార్య వైపు చూడలేక స్టీరింగ్ వైపు చూశాడు.

ఠంగ్!

బిందె మీద ఒక్క దెబ్బ. ఆగమని. నవ్వులు ఆగిపోయాయి.

"అన్నా, ఆగు." రుక్కమ్మ డాలా మీద నిలబడి ఉంది. జుట్టు రేగిపోయి, చెంపల మీద దుమ్ము. "నీ ట్రాక్టర్‌కు మా బండికి నడుమ దారంత ఎడ్లబండి పోయేంత జాగుండె. నువ్వు నూకలే, గుంజలే. తాడు తగల్లే. ఘాట్ కిందికెల్లి నీ వాకిట్ల దాక మైసమ్మను తెచ్చింది నేను. నేను జెప్పిన, మాయిన తిప్పిండు. అబద్ధమైతే ఈ పిల్ల మీద ఒట్టు."

ఒట్టు అన్నాక ఇంక మాటేముంది? వెంకటేశం తాడు మెల్లగా కిందికి దించాడు. మొగులప్ప స్టీరింగ్ మీద నొసలు ఆనించి కాసేపు తల ఎత్తలేదు. ఎంత సంతోషమైందంటే, దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

వియ్యపురాలు పద్మారాణి హారతి పళ్ళెంతో వచ్చింది. అంజలి పిల్లను ఎత్తుకుని దిగింది. హారతి చక్కగా వెలిగింది, పిల్ల గడప దాటింది. తర్వాత మర్యాదకు బండికి కూడా తిప్పుదామని పద్మారాణి లారీ ముక్కు దగ్గరికి పోయింది. మొగులప్ప ఇంజన్ ఆపడం మరిచిపోయాడు. హారతి ఫట్టున ఆరింది.

"అయ్యో, గిదేంది వదినా! మంచిది కాదేమో!" అని ఆమె హడలిపోయింది.

రుక్కమ్మ పకపకా నవ్వింది. "ఏం గాదు వదినా, దాని ఊపిరే గట్ల. ఎనకకొచ్చి తిప్పు." అంటూ అగ్గిపెట్టె తనే అందుకుని, కర్పూరం వెలిగించి, లారీ తోక దగ్గర నిలబడి ముమ్మారు తిప్పింది. మంట నిలువుగా నిలిచింది. పళ్ళెం పట్టుకుని డ్రైవర్ తలుపు దగ్గరికి వచ్చి మొగులప్పకు చూపించింది. "కండ్లకద్దుకో. ఏంది, కండ్లల్ల నీళ్ళేంది?"

"ఆవిరి," అన్నాడు మొగులప్ప.

"మీటరు సల్లగనే ఉంది గద," అని లోపలికి తొంగి చూసి, చూసినావిడ అటుపక్కకు పోయి తలుపు తీసుకుని, పళ్ళెంతో సహా ఎక్కి, కరీముద్దీన్ ఖాళీ చేసిన ముందు సీట్లో కూర్చుంది.